అటు తిరిగిన ఆల్చిప్ప

దాదాపు ఏడు కోట్ల ఏళ్ల క్రితం చచ్చి రాయైపోయిన ఒక ప్రాణిని, దాన్ని ఒక్క మాటైనా అడక్కుండా, ఎడమ నుంచి కుడికి మార్చేసిన ఘనత ఈ భూమ్మీద నాకొక్కదానికే దక్కింది. దానికి నోరుంటే నా మీద కేసు పెట్టేది. (నిజానికి ఆల్చిప్పకు నోరుంటుంది. తినడానికే తప్ప మాట్లాడ్డానికి కాదు. ఇలాంటివి మధ్యమధ్యలో చెబుతుంటాను, వృత్తి రోగం, ఓర్చుకోండి.) అది మాట్లాడలేదు కాబట్టే నేనివాళ పిల్లలకు భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, నెలనెలా జీతం తీసుకుంటూ నిమ్మళంగా బతుకుతున్నాను. ఈ నిమ్మళం కాస్తలో కొట్టుకుపోయేది. ఎలాగో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వండి, నేను ఏడవాల్సినదంతా ఆ రోజే ఏడ్చేశాను.

అప్పుడు నేను రీసెర్చ్ స్కాలర్‌ని. అమ్మా నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణాల వెనక సందులో, ఒక ఇంటి పైపోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. కింద ఓనర్లు అండాలు ఆంటీ, అంకుల్. వాళ్లది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మగ్గం వదిలి పట్నం వచ్చి చీరల షాపు పెట్టుకున్నారు. ఆంటీకి నేనంటే ఇష్టం, నా చదువంటే అనుమానం. రాళ్లు ఏరుకొచ్చి అటకెక్కించే పిల్లను ఎవరు మాత్రం అనుమానించరు!

నా చదువు మొత్తం ఒక గుల్ల మీద. దాని పేరు ఎక్సోజైరా. ఆల్చిప్పల్లో అంతరించిపోయిన ప్రజాతి. మీరు భయపడకండి, దీన్ని నేను ఆంటీకే అర్థమయ్యేలా చెప్పాను. ఆల్చిప్పకు రెండు చిప్పలుంటాయి. ఎక్సోజైరాలో ఎడమది పెద్దది, దళసరిది, లోతైన గిన్నెలా ఉంటుంది. కుడిది దాని మీద పెట్టిన మూత, అంతే. పసితనంలో ఎడమ చిప్పతో ఏ రాయికో పెంకుకో అతుక్కుని బతుకు మొదలుపెడుతుంది. ఆ చిప్ప కొన ముక్కులా సాగి, పక్కకు ఒరిగి, జిలేబీ చుట్టలా తిరుగుతుంది. ఎటు పడితే అటు కాదు, ఎప్పుడూ ఒకే వైపుకు. దీని చుట్టం గ్రైఫియా అని ఇంకొకటుంది, దాని ముక్కు పక్కకు పోకుండా మూత మీదికే వంగి చూస్తుంది. రెంటిదీ ఒకటే కుటుంబం. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టాలంటే చిప్ప లోపల కండరం అతుక్కున్న గుర్తు చూడాలి. గుండ్రంగా ఉంటే వీళ్లు. చిక్కుడు గింజలా ఒంగి ఉంటే మామూలు ఆల్చిప్పల కుటుంబం.

ఆంటీ అంతా శ్రద్ధగా విని, "మనుషుల కులాలే ఒడుస్తలేవు. గుల్లలకు గూడ కుటుంబాలు పెట్టిండ్రా బిడ్డా?" అంది.

నా గైడ్ కామేశ్వరి మేడమ్‌ది గోదావరి వైపు. వనస్థలిపురంలో స్థిరపడ్డారు. ఆల్చిప్పల మీద ఆవిడ మాటే మాట. ఆవిడకు కోపం రాదు, వస్తే గొంతు ఇంకా మెత్తబడుతుంది. ఆ శ్రావణంలో ఒక రోజు గొంతు వెన్నలా మెత్తబడింది.

"ఏంటమ్మా కరుణా, ఎప్పుడడిగినా చూస్తున్నా మేడమ్, చూస్తున్నా మేడమ్ అంటావు. ఏం చూస్తున్నావో ఈసారి రివ్యూలో కమిటీకి కూడా చూపించు తల్లీ. కిందటిసారే వాళ్లు మూతులు ముడిచారు. ఈసారి నీ రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామంటే నేను ఆపలేను."

ఇదండీ నా మెడ మీద కత్తి. రిజిస్ట్రేషన్ పోతే నా చదువు అక్కడితో సరి. నా చదువు కోసం అమ్మ తన డ్యూటీ మీద పక్కవాళ్ల డ్యూటీలు కూడా చేసేది. కాళ్లు వాచి ఇంటికొచ్చి, "ఏం లేదే, నిలబడ్డ కదా" అనేది. ఆ కాళ్ల మొహం చూసైనా నేను నెగ్గాలి.

నెగ్గడానికి నా దగ్గరున్నది అరియలూరు నుంచి తెచ్చుకున్న ఒక మంచి ఎడమ చిప్ప. తమిళనాడులో ఆ ఊరి చుట్టుపక్కల ఒకప్పుడు సముద్రం ఉండేది. ఇప్పుడు సిమెంటు కోసం తవ్విన గనులున్నాయి. అక్కడ నేను రెండు పనులు చేశాను. చిప్పను పగలకుండా తీశాను. సుత్తి జారవిడిచి ఫోను వెనక కెమెరాను పగలగొట్టుకున్నాను. మొదటి పనికి మేడమ్ మెచ్చుకున్నారు. రెండో పని సంగతి ఎవరికీ చెప్పలేదు. ముందు కెమెరా ఉందిగా, కెమెరా ఏదైనా కెమెరాయే అనుకున్నాను. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకుని నన్ను తిట్టుకోండి.

శిలాజాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తీస్తే దాని మీద మచ్చలు పడతాయి తప్ప గీతలు పడవు. అందుకని మేం దానికి నవాసారం పొగ పట్టిస్తాం. గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడే నవాసారమే. వేడి చేస్తే తెల్లటి పొగ లేచి, చిప్ప మీద సన్నని పొడిలా పరుచుకుంటుంది. అప్పుడు ప్రతి గీతా లేచి నిలబడుతుంది. ఈ పని ల్యాబులో, పొగ బయటికి పోయే గూట్లో చెయ్యాలి. ల్యాబుకు మరమ్మతులు. నాకు ఆత్రం. మా వంటింట్లో చేశాను.

కాసేపట్లో మెట్ల మీద అడుగుల చప్పుడు.

"ఏందే పిల్లా, ఏం కాలుస్తున్నవ్? కింద మా ముక్కులు మండుతున్నయ్!"

"ఏం లేదాంటీ, గుల్లకు పొగ పెడుతున్న."

"గుల్లకు పొగేంది? లోపల దోమలు చేరినయా?"

"ఫోటో తియ్యాలె ఆంటీ. తెల్లగ చేస్తే మంచిగ పడతది."

ఆంటీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గరకొచ్చి చూసింది. "గట్లనా. మా పెద్దపిల్ల పెండ్లికి బ్యూటీపార్లరామె గిదే చేసింది. ఫోటోలల్ల ఎవ్వరు గుర్తుపట్టలె" అని, కిటికీ తెరిచి వెళ్లిపోయింది.

రెండు స్టీలు డబ్బాల మధ్య ఫోనును బోర్లా పడుకోబెట్టాను. ముందు కెమెరా కిందికి, చిప్ప వైపుకు చూస్తోంది. తెర కూడా కిందికే ఉంది కాబట్టి ఏం పడుతోందో నాకు కనబడదు. టైమర్ పెట్టి తీశాను. ఇక్కడ మా వాళ్లకు ఇంకో కట్టుబాటు ఉంది: ఫోటోలో వస్తువు పక్కన అంకెలున్న స్కేలు పెట్టాలి, సైజు తెలియడానికి. నా స్కేలు కనబడలేదు. తలలోంచి పక్కపిన్ను తీసి పెట్టాను. పక్కపిన్నుకు ఎడమా కుడీ ఉండవు, తలా తోకా ఉండవు, అంకెలు అసలే ఉండవు. అంకెలుంటే ఈ కథే ఉండేది కాదు.

ఫోటోలయ్యాక చిప్పను కడిగి, డాబా పిట్టగోడ మీద ఆరబెట్టి పడుకున్నాను.

తెల్లారి ఫోటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కించి చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చిప్ప ముక్కు ఇటు కాదు, అటు తిరిగి ఉంది! పుస్తకం తీసి పక్కన పెట్టాను. పుస్తకంలో బొమ్మలన్నీ ఇటు. నాది అటు. అంటే ఏమిటి? అది గిన్నెలాంటి చిప్పే, రాయికి అతుక్కున్న చిప్పే, కానీ ఎడమది కాదు, కుడిది! లోకంలో ఆల్చిప్పలన్నీ ఎడమ చిప్పతో అతుక్కుంటుంటే, అరియలూరు సముద్రంలో ఒక్కటి మాత్రం కుడి చిప్పతో అతుక్కుని, నా కోసం ఇన్ని కోట్ల ఏళ్లు ఎదురుచూసింది. దీనికి రెండే కారణాలుండాలి. ఒకటి, నేనెక్కడో తప్పు చేసి ఉండాలి. రెండు, ఇది కొత్త ప్రజాతి అయి ఉండాలి. మొదటి కారణం గడప దాకా వచ్చింది కూడా. కూర్చోమని అనలేదు నేను.

"ఆంటీ!" అని అరిచాను. ఆంటీ డాబా మీద బట్టలు ఆరేస్తోంది.

"ఏమైందే? పామొచ్చిందా?"

"నా గుల్ల అందరి లెక్క లేదాంటీ! అటు తిరిగింది! మీ దక్షిణావర్త శంఖం ఉంటది చూడుండ్రి, శంఖాలన్నీ ఒక దిక్కు తిరిగితే అదొక్కటి ఇంకో దిక్కు తిరుగుతది. గట్లాంటిదే ఇది!"

ఆ పోలిక నేనెందుకు తెచ్చానో నాకిప్పటికీ తెలియదు. తేలిగ్గా అర్థమవుతుందని తెచ్చాను. మరీ తేలిగ్గా అర్థమైపోయింది. ఆంటీ చేతిలో తడి చీర జారి బకెట్లో పడింది. పిట్టగోడ దగ్గరకు నడిచి, చిప్పను రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది.

"దక్షిణావర్తి లెక్కదాన్ని కాకులు తిరిగే గోడ మీద పెడతవానే? బుద్ధున్నదా? లక్ష్మీదేవి తానంతట తాను ఇంటికొస్తే పొగ పెడతవా?"

"ఆంటీ, అది శంఖం కాదు, ఆల్చిప్ప..."

"సముద్రంల పుట్టిందా లేదా?"

"పుట్టింది."

"మరి ఇంకేంది?"

నేను వెనకే మెట్లు దిగేలోగా చిప్ప కింద దేవుడర్రలోకి చేరింది. పసుపు పూసుకుని, కుంకుమ పెట్టుకుని, ఇత్తడి పళ్లెంలో బియ్యం మీద కూర్చుంది. మీద ఎర్రగుడ్డ, గుడ్డ మీద పూలు. శ్రావణం వెళ్లేదాకా కదిలించేది లేదని ఆంటీ తీర్పు చెప్పింది. నేను గట్టిగా అడిగితే ఇచ్చేదేమో. అడగలేదు. ఫోటోలున్నాయిగా! పరిశోధకురాలికి ఫోటోలు చాలు అనుకున్నాను. అసలు సంగతి చెప్పనా, మళ్లీ చూస్తే నా అదృష్టం ఎక్కడ జారిపోతుందోనని లోపల ఒక మూల భయం.

డ్యూటీ నుంచి వచ్చిన అమ్మకు సంగతి చెప్పాను. మేం క్రైస్తవులం. చిప్ప దేవుడర్రలో ఉందంటే అమ్మ ఏమంటుందోనని జంకాను.

అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. "గుల్లను చేసింది దేవుడే. ఏ అర్రల ఉంటే ఏంది, నువ్వు పాసైతవా లేదా?"

"పాసా? అమ్మా, కొత్త ప్రజాతి! పేరు నేనే పెట్టాలె!"

"నా పేరు పెడతవా?"

"మేడమ్ పేరు పెడత. గైడ్ కదా."

"పెట్టు పెట్టు. మోసి కన్నది కూడ ఆమెనే" అని అమ్మ అటు తిరిగి పడుకుంది. మర్నాటికి కోపం పోయింది. ఎంతగా పోయిందంటే, ఆదివారం ఎల్బీనగర్‌లో మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు నాకన్నా ముందు తనే లేచి నిలబడింది.

"నా బిడ్డ ఒక గుల్లను కనిపెట్టింది. లోకంల గుల్లలన్నీ ఇటు తిరుగుతయంట. దేవుడు ఒక్కదాన్ని మాత్రం అటు తిప్పి, నా బిడ్డ చేతికే దొరికిచ్చిండు. దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అన్నారు అందరూ. ఏ గుల్ల, ఎటు తిరిగింది, తిరిగితే ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. కమిటీలో కూడా ఇలాంటివాళ్లే ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

సాయంత్రం మేడమ్‌కు ఫోటో పంపాను. నిమిషంలో ఫోను మోగింది.

"కరుణా, ఏంటమ్మా ఇది? నిజంగా అటే తిరిగిందా?"

"తిరిగింది మేడమ్. మీ పేరే పెడతాను. కామేశ్వరిజైరా."

అవతల నుంచి అక్షరమక్షరం కూడబలుక్కోవడం వినిపించింది. మేడమ్ ఆ పేరును నోట్లో వేసుకుని రుచి చూస్తున్నారని నాకనిపించింది. తర్వాత గొంతు సవరించుకున్నారు. "పేరు సంగతి తర్వాత. అసలు చిప్ప తీసుకురా. చేత్తో పట్టుకుని చూడందే నేను నమ్మను, కమిటీ అసలు నమ్మదు. బయటి నుంచి ఒక పెద్దాయన్ని కూడా పిలుస్తున్నారు. రివ్యూకి చిప్పతో రా. అప్పటిదాకా నోరు మూసుకుని ఉండు, ఎవరికీ చెప్పకు."

"చెప్పను మేడమ్" అన్నాను, పొద్దున చర్చి మొత్తంతో కలిసి స్తోత్రం చెప్పిన నోటితోనే.

ఈలోగా కింద దేవుడర్రలో చిప్ప పని మొదలుపెట్టింది. అంకుల్ షాపులో చీరలు తెగ అమ్ముడుపోతున్నాయి. శ్రావణంలో దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు అమ్ముడుపోకపోతే గదా వింత! ఆ మాట ఆంటీతో ఎవరంటారు? సందులో ఆడవాళ్లు చిప్పను చూడ్డానికి రావడం మొదలైంది. ఒకామె నన్ను మెట్ల దగ్గర ఆపి, "నాదర్‌గుల్‌ల మా ప్లాటు అమ్ముడుపోతలేదు. గా గుల్లకు మొక్కితే అయితదా?" అని అడిగింది. కండరపు గుర్తుల గురించి అడిగితే చెప్పగలను గానీ ప్లాట్ల గురించి నాకేం తెలుసు? "అయితదక్కా" అన్నాను. అలా నేను ఒక పక్క శాస్త్రాన్నీ ఇంకో పక్క రియలెస్టేటునూ భుజాన వేసుకుని తిరిగాను.

రివ్యూ రోజు పొద్దున స్నానం చేసి కిందికి దిగాను.

"ఆంటీ, గుల్ల కావాలె. ఇయ్యాల రివ్యూ."

"శ్రావణం ఇంక పోలేదు కద బిడ్డా."

"ఇయ్యకుంటే నా చదువు బందైతదాంటీ!"

ఆంటీ నా మొహం చూసింది. లోపలికెళ్లి పట్టుచీర కట్టుకుని, పళ్లెంతో సహా బయటికొచ్చింది. "పా. నేను గూడ ఒస్తా. నా చేతులతోని తీస్కపోయి, నా చేతులతోని వాపస్ తెచ్చుకుంటా."

మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ అమ్మాయి పళ్లేన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏంది గిది?"

"మహాలక్ష్మి" అంది ఆంటీ.

"శిలాజం" అన్నాను నేను.

ఆ అమ్మాయి ఇద్దరి మొహాలూ చూసి, పళ్లేన్ని యంత్రంలోంచి పంపి, అవతల ఎందుకైనా మంచిదని దణ్ణం పెట్టుకుంది.

రైలెక్కాం. సీట్లు దొరికాయి. ఆంటీకి ఉత్సాహం ఆగడం లేదు. ఎర్రగుడ్డ తీసి, చిప్పను చేతిలోకి తీసుకుని మెడ పక్కన పట్టుకుంది. "జర ఫోటో తియ్యే. ముగ్గురం పడాలె. నువ్వు, నేను, అమ్మవారు."

ముందు కెమెరా తెరిచి ఫోను పైకెత్తాను. తెర మీద నేను, ఆంటీ, చిప్ప. చిప్ప ముక్కు అటు తిరిగి ఉంది. భేష్. నవ్వుతూ పక్కకు తిరిగి ఆంటీ చేతిలోని అసలు చిప్పను చూశాను. ఇటు తిరిగి ఉంది.

తెర చూశాను. అటు. చేతిలో చూశాను. ఇటు.

రైలు మూసారాంబాగ్‌లో ఆగింది. తెరలో నా భుజం వెనక, కిటికీ అవతల, స్టేషను పేరు కనబడింది. అక్షరాలన్నీ వెనక నుంచి ముందుకు, అద్దంలో రాసినట్టున్నాయి. ఆంటీ ముక్కుపుడక కూడా ఈ పక్క నుంచి ఆ పక్కకు మారింది. నా ఫోను లోకాన్నంతా తిప్పి చూపిస్తోంది. లోకంతో పాటు, తీసి దాచిన ఫోటోలో నా చిప్పనూ తిప్పింది. దాన్ని నేను కొత్త ప్రజాతి అన్నాను. దానికి మా మేడమ్ పేరు పెట్టాను.

ఆంటీని రెక్క పట్టుకుని, తలుపులు మూసుకునేలోగా ప్లాట్‌ఫారం మీదికి దూకాను. అక్కడున్న బల్ల మీద కూలబడి ఏడుపందుకున్నాను. అమ్మ కాళ్లు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ల డ్యూటీలూ ఒక్క ఫోటోకు బలైపోయాయి.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నవ్? పరేషాన్ చెయ్యకు, చెప్పు!"

"గుల్ల మామూలుదే ఆంటీ. అందరి లెక్కనే తిరిగింది. నా ఫోనే దాన్ని ఉల్టా చూపించింది."

ఆంటీ పళ్లెం వంక చూసింది, నా వంక చూసింది. మొహంలో నిజంగానే కంగారు కనబడింది.

"మరిప్పుడు ఎట్ల? శ్రావణంల అమ్మిన చీరలన్నీ వాపస్ తీస్కోవాల్నా?"

ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ నవ్వు ధైర్యంతోనే మేడమ్‌కు ఫోన్ చేసి, ముందు కెమెరా సంగతి, పక్కపిన్ను సంగతి, మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గొంతు మెత్తబడుతుందని కళ్లు మూసుకుని ఎదురుచూశాను.

"హమ్మయ్య!" అన్నారు మేడమ్.

"మేడమ్?"

"హమ్మయ్య అన్నానమ్మా! నువ్వు ఫోటో పంపిన్నాటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆల్చిప్పలన్నీ ఎడమ చిప్పతోనే అతుక్కుంటాయని జీవితమంతా పాఠం చెప్పాను. నీది నిజమైతే నా శిష్యులందరినీ వెతికి పట్టుకుని, క్షమించండి, అన్నీ కాదు అని చెప్పుకోవాలి కదా. పైగా దానికి నా పేరే! ఇంతకీ ఎవరికీ చెప్పలేదు కదా?"

"అమ్మ చర్చిల చెప్పింది మేడమ్."

"ఏ చర్చి?"

"ఎల్బీనగర్‌ల."

"పర్వాలేదు, మన కమిటీ వాళ్లెవరూ అటు ఉండరు. ఏడుపాపి వెంటనే రా."

"వచ్చి ఏం చూపియ్యాలె మేడమ్? నా దగ్గర ఏం లేదు."

"చిప్పుందిగా! ఎక్సోజైరాని ఎక్సోజైరా అని నిరూపించడం కూడా పనేనమ్మా. అసలు పనే అది. లోపలి గుర్తులేమైనా కనబడుతున్నాయా?"

ఆ చిప్పలో అదే నా తలనొప్పి. కండరపు గుర్తు ఎంత వెతికినా లీలగా ఉండేది, అంచులు తెలిసేవి కావు. నమ్మకం లేకుండానే చిప్పను తిప్పి లోపలికి చూశాను. చూసి, ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, చిప్పను వెలుతురుకు పట్టాను. ఆంటీ రోజూ పాలతో కలిపి పూసిన పసుపు పైపైన కడిగినప్పుడల్లా పోయి, గుంటల్లో మాత్రం నిలిచిపోయింది. కండరపు గుర్తు చుట్టూ సన్నని పసుపు గీత. గుండ్రంగా, ఎవరో గీసిపెట్టినట్టు ఉంది. అంచు వెంట, ఎక్సోజైరాకు ఉండాల్సినవే అయినా ఎప్పుడూ నా కంటికి సరిగ్గా ఆనని చిన్నచిన్న గాట్లు వరసగా పచ్చగా మెరుస్తున్నాయి.

"కనబడుతున్నయ్ మేడమ్" అన్నాను. "మంచిగ కనబడుతున్నయ్."

రివ్యూలో ఆ కొత్త ప్రజాతి ఊసే ఎత్తలేదు. చిప్ప చేతికిచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముక్కు పక్కకు చుట్టుకుంది కాబట్టి గ్రైఫియా కాదు. గుర్తు గుండ్రంగా ఉంది కాబట్టి మామూలు ఆల్చిప్పల కుటుంబం కాదు. అంచున గాట్లున్నాయి, పైన పక్కటెముకల్లాంటి గీతలున్నాయి, కాబట్టి ఇది ఎక్సోజైరాయే. బయటి నుంచి వచ్చిన పెద్దాయన భూతద్దం పెట్టి చిప్ప లోపలికి చాలాసేపు చూశారు.

"ఏం స్టెయిన్ వాడావమ్మా? ఏ రంగుతో ఇంత స్పష్టంగా వచ్చింది?"

మేడమ్ కిటికీలోంచి ఎక్కడో ఉన్న చెట్టును చూడసాగారు. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న ఆంటీ, తననే అడిగారనుకుని లేచి నిలబడింది.

"పసుపు సారూ. కొమ్ములు దంచింది. ప్యాకెట్‌ది కాదు."

పెద్దాయన ఆంటీని, ఆంటీ పట్టుచీరను, ఇత్తడి పళ్లేన్ని చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఖర్చు లేదు, కడిగితే పోతుంది, చిప్పకు హాని లేదు. బాగుంది. థీసిస్‌లో పద్ధతుల విభాగంలో రాయి" అన్నారు. కమిటీ వాళ్లు తలలూపారు. నా రిజిస్ట్రేషన్ నిలిచింది. బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాను. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆకలేసింది కూడా, ఎన్నో రోజుల తర్వాత.

అమ్మకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. పాసయ్యానన్న మాట దగ్గర అమ్మ ముక్కు చీదుకుంది. ముందు కెమెరా మాట దగ్గర గొంతు గట్టిపడింది. చర్చిలో ఇప్పుడు ఏం మొహం పెట్టుకోవాలని నేను దిగులు పడితే, "అది నేను చూస్కుంట తియ్" అంది. అన్నట్టే ఆదివారం లేచి నిలబడింది.

"పోయిన వారం దేవుడు గుల్లను అటు తిప్పిండని చెప్పిన. ఈ వారం మల్ల ఇటు తిప్పిండు. నా బిడ్డ పాసయింది. దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అన్నారు అందరూ, అదే ఉత్సాహంతో. అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, చేతిలో భూతద్దం పట్టుకుని, తూర్పుకు తిరిగి, అది తూర్పేనని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. బతికున్నదైనా అంతరించినదైనా, ఏ ప్రాణినీ నా చేత్తో పట్టుకుని చూడకుండా పేరు పెట్టను. అంకెలున్న స్కేలు లేకుండా ఫోటో తియ్యను. పక్కపిన్నును జుట్టుకు తప్ప దేనికీ వాడను. ముందు కెమెరాతో ఇక నా మొహం మాత్రమే తీసుకుంటాను. అది ఎటు తిరిగి పడినా శాస్త్రానికి వచ్చే నష్టం లేదు.